వంతెన దిగిన పొరుగువాడు



యెరూషలేము నుండి యెరికోకు దిగు త్రోవలో గాయపడి పడియున్న మనుష్యుని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మీకు చిన్ననాటి నుండి తెలిసినదే. అందులో ఒక సంగతిని మనము తరచుగా గమనింపము. యాజకుడు ఆ మనుష్యుని చూచెను. లేవీయుడు చూచెను. సమరయుడును చూచెను. చూచుటలో ముగ్గురును సమానులే. భేదమంతయు తరువాతి అడుగులో నున్నది. ఇద్దరు ప్రక్కగా పోయిరి. ఒకడు దగ్గరకు వచ్చెను.

ఈ భేదమును విజయవాడ పట్టణము 2024వ సంవత్సరములో కన్నులార చూచినది. ఆగస్టు 31వ తేదీ శనివారము కుండపోతగా వాన కురిసెను. బుడమేరు పొంగెను. వెలగలేరు నుండి ఆ నీటిని కృష్ణలోనికి మళ్లించు కాలువకు మూడు చోట్ల గండ్లు పడెను. మరునాడు సెప్టెంబరు 1, ఆదివారము. మనము ఆరాధనకు కూడుకొను ఆ దినముననే సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురము, కండ్రిక వీధులలోనికి నీరు చొచ్చెను. సోమవారము ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల 40 వేలకు పైగా క్యూసెక్కుల ప్రవాహము నమోదయ్యెను. అంతకు మునుపెన్నడును అక్కడ అంత వరద రాలేదు. గండ్లు పూడ్చుటకు సైనికులును రావలసి వచ్చెను. సెప్టెంబరు 7వ తేదీకి గాని ఆ పని ముగియలేదు.

ఆ దినములలో ఒక పట్టణము రెండు పట్టణములైనది. ఎత్తైన వీధులలో దీపములు వెలుగుచుండెను, అంగళ్లు తెరచియుండెను. కొద్ది మైళ్ల దూరములోనే తల్లులు బిడ్డలను ఎత్తుకొని డాబాల మీద కూర్చుండి, త్రాగుటకు నీరు లేక చుట్టునున్న నీటిని చూచుచుండిరి. ఈ రెంటికిని నడుమ సింగ్ నగర్ ఫ్లైఓవర్ వంతెన నిలిచియుండెను. దాని మీదికి వచ్చి చూచినవారు అనేకులు. కొందరు ఫోనులలో చిత్రములు తీసికొని తిరిగిపోయిరి. కొందరు లుంగీ ఎగగట్టి, పాలపొట్లముల సంచి తలపై పెట్టుకొని, రొమ్ము లోతు నీటిలోనికి దిగిరి. అందరి కన్నులును చూచినది ఒకటే.

హెలికాప్టర్లును డ్రోనులును ఆహారపు పొట్లములు అందించెను. అవి అనేకుల ఆకలి తీర్చినవి గనుక వాటిని తక్కువ చేసి పలుకుట తగదు. అయితే పైనుండి దిగిన పొట్లము కడుపును చేరగలదు గాని, “ఎట్లున్నావమ్మా?” అని అడుగలేదు. ఆ మాట అడుగుటకు మనుష్యుడే కావలెను.

నీరు తీసిన తరువాత బురద ఎత్తుటకు వెళ్లిన ఒక చిన్న గుంపులో నేనును ఉంటిని. ఒక ఇంటి గుమ్మములో వృద్ధురాలొకతె నిలిచియుండెను. మాలో ఒక యువకుడు కాగితము పట్టుకొని, “ఇంట్లో ఎంతమంది? ఆధార్ ఉందా? ఏమేమి పోయాయి?” అని అడిగెను. ఆ పట్టిక అవసరమైనదే. అది లేనియెడల సహాయము సరిగా చేరదు. ఆమె కన్ను తడి కాకుండ, న్యాయస్థానములో సాక్షివలె, ఒక్కొక్కదానికి జవాబు చెప్పెను.

అప్పుడు మాతో వచ్చిన స్త్రీల సమాజపు సహోదరి ఆ తడి మెట్టు మీద చతికిలబడి, “అమ్మా, శనివారం రాత్రి ఏం వండుకున్నారు?” అనెను.

వృద్ధురాలు ఒక క్షణము ఊరకుండెను. “గోంగూర పప్పు తల్లీ. మా మనవడికి ఇష్టమని. పొద్దున చద్దన్నంలోకి కాస్త దాచి ఉంచాను. గిన్నెతో సహా కొట్టుకుపోయింది,” అని బిగ్గరగా ఏడ్చెను. కుట్టుమిషను తుప్పు పట్టుటయు, భర్త ఫొటో అద్దమునకు అంటుకొనిపోవుటయు ఆ తరువాత ఒక్కొక్కటిగా చెప్పుకొనెను. సహోదరి బోధింపలేదు, వాక్యము చెప్పలేదు. ఆమె చేయి పట్టుకొని వినుచుండెను. మేము చీపుళ్లు తీసికొని బురద త్రోయుచుంటిమి.

యోబు స్నేహితులను మనము నిందింతుము గాని, వారు మొదట చేసినది మంచి పనియే. ఏడు దినములు అతనితో కూడ నేల మీద కూర్చుండి మౌనముగా నుండిరి. నోరు తెరచి కారణములు వెదకిన తరువాతనే చెడిరి. మన ప్రభువైతే లాజరును లేపబోవుచున్నానని ఎరిగియుండియు, మొదట మరియతో కూడ కన్నీరు విడిచెను. అద్భుతము చేయగల వానికే కన్నీరు అవసరమైనయెడల, అద్భుతము చేయలేని మనకు ఎంత అవసరము!

ఇంకొక మాట. మేము బయలుదేరు వేళకు ఆ తల్లి ప్రక్కింటి పొయ్యి మీద టీ కాచి గ్లాసులలో తెచ్చెను. మాలో ఒకరిద్దరు మొగమాటపడిరి. “మా ఇంటికొచ్చి ఊరికే పోతారా?” అని ఆమె అనెను. సహోదరి మొదట త్రాగెను, అందరమును త్రాగితిమి. అంతవరకు వంగియున్న ఆమె తల అప్పుడు నిలిచెను. సుఖారు బావి యొద్ద ప్రభువు సమరయ స్త్రీకి జీవజలము నియ్యకమునుపు ఆమెను దాహమునకు అడిగెను. ఎప్పుడును పుచ్చుకొనుటే గాని ఇచ్చుట లేని స్థితిలో మనుష్యుని నిలిపినయెడల, అతని ఆకలి తీరును గాని మనస్సు క్రుంగును.

డెల్టా ప్రజలకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చి, పదివేలకు పైగా ప్రాణములు పోయినప్పుడు, అందలి బాధ తెలుగునాడంతయు తనదిగా నెంచుకొనెను. నందమూరి తారక రామారావు గారు, అక్కినేని నాగేశ్వరరావు గారు వంటి నటులు వీధులలో నడచి విరాళములు అడిగిరి. అవనిగడ్డ వారైన మండలి వెంకట కృష్ణారావు గారు బాధితుల సేవలో పేరు పొందిరి. ఆ మీదట తీరగ్రామములలో తుపాను ఆశ్రయ భవనములు లేచెను. దుఃఖము పత్రికల మొదటి పుట నుండి తొలగిన తరువాత జరిగిన పని అది.

చదువరీ, వరదకు పల్లె, పేట, పెద్ద వీధి అను భేదము తెలియదు. సహాయము పంచు వేళ ఆ భేదము మనకే జ్ఞాపకము వచ్చును. మన సంఘస్థుల పట్టిక మాత్రమే చేతబట్టుకొని ఆ వీధిలోనికి వెళ్లుట ప్రభువు నేర్పినది కాదు. గాయపడిన వాని కులమేదో, గోత్రమేదో సమరయుడు అడుగలేదు. నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టెను.

కావున మీ ఊరికి ఆపద వచ్చినప్పుడు ఇవ్వగలిగినది ఇయ్యుడి, ఇచ్చి ఊరకుండకుడి. లారీలు రావడము మానిన మూడవ వారమున వెళ్లుడి. పట్టికలో లేని ప్రశ్న యొకటి అడుగుడి. ఆపద యెందుకు వచ్చెనో వివరింపకుడి. వారు పెట్టినది పుచ్చుకొనుడి. ఆపద లేని దినములలోనే ప్రక్కింటి వారి పేరు తెలిసికొనుడి. నీరు వచ్చిన రాత్రి ఎవరిని పిలువవలెనో అప్పుడు వెదకుకొన పని యుండదు.

పరలోకము నుండి మనలను చూచి, చూచుటతో తృప్తి నొందక మన యొద్దకు దిగివచ్చిన ప్రభువు, దిగి వెళ్లు పాదములను మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.