నీటికి తగిన గొంతు

మాటలకు కూడా జలచరాలవలె తమ తమ నీళ్లు ఉన్నవి. ఒక నీటిలో హాయిగా ఈదే మాట మరొక నీటిలో ఊపిరాడక తన్నుకుంటుంది. అనువాదకునికి ఇది నిత్యానుభవం. హిందీలో ‘సూఁస్’ అనే చిన్న మాట ఒకటి ఉన్నది. గంగాతీరవాసి ఆ మాట వినగానే, బురదనీటిలోనుండి ఒక్క క్షణం పైకి లేచి, బుస్సుమని ఊపిరి వదలి, తిరిగి మునిగిపోయే బూడిదవన్నె వీపును తలచుకుంటాడు. బెంగాలీలు దానినే ‘శుశుక్’ అంటారు. సంస్కృతంలో దాని పేరు శిశుమారం. అమరకోశం వారివర్గంలో మకరం సరసన దానికి చోటిచ్చింది. తెలుగువారికి అది శింశుమారమై, భాగవత పంచమ స్కంధంలోని జ్యోతిశ్చక్రంగా ఆకాశంలోనే పరిచయం. నీటిలో దానిని చూచినవారు అరుదు గనుక, మొసలి అని అర్థం చెప్పినవారూ ఉన్నారు. ‘గంగా డాల్ఫిన్’ అని వ్రాసి ఊరుకొనవచ్చును. కాని అప్పుడు పాఠకుని మనసులో సముద్రంమీద గంతులు వేసే నిగనిగల ప్రాణి నిలుస్తుంది. శుశుకం అట్టిది కాదు.

ఖరగ్‌పూరులో ఉండేవానికి ఈ చిక్కు తీర్చుకొనుటకు నిఘంటువుకంటె మంచి దారి ఒకటి ఉన్నది. హౌరా వైపు పోయే లోకల్ బండి ఎక్కి సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణం చేసి కోలాఘాట్‌లో దిగితే చాలును. అక్కడ రూప్‌నారాయణ్ నది, ఆటుపోట్లతో పొంగుతూ తగ్గుతూ, గెయోఖాలి వద్ద హుగ్లీలో కలియడానికి పోతూ ఉంటుంది. మనం పులస అనే చేపను వారు ఇలిశ అంటారు. కోలాఘాట్ ఇలిశకు బెంగాలంతటా పేరున్నది. ఆవలి ఒడ్డున, దేవుల్టికి దగ్గర సామ్‌తాబేడ్ గ్రామంలో శరత్‌చంద్రుడు కట్టుకొన్న ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉన్నది. చక్రపాణి మొదలైన అనువాదకుల చలవవలన శరత్తును తెలుగువాడే అనుకొని పెరిగిన ఇళ్లు మనలో ఎన్నో! ఆ నదిలో శుశుకాలున్నవి.

ఒక మాఘమాసపు ఉదయం ఆ రేవులో నిలిచి, “దాదా, శుశుకాన్ని ఎక్కడ చూడవచ్చును?” అని ఒక పడవవానిని అడిగినాను. అతడు నవ్వి, “చూడడానికి ఏముంది బాబూ? మాటలు ఆపి వినండి. ఊపిరి వినబడితే అటు తిరగండి,” అన్నాడు. నేను తిరిగేసరికి నీరు మూసుకొనిపోయింది. అయినా అతడు చెప్పిన ఉపాయం ఆ ప్రాణి ఉపాయమే. దాని కంటిలో కటకం లేదు. వెలుగు ఏ వైపున ఉన్నదో తెలియడానికి మించి ఆ కన్ను పనికిరాదు. గంగ ఒండ్రులో మంచి కన్ను ఉన్నా ప్రయోజనం స్వల్పమే. అందుచేత అది తన ముందున్న నీటిని ధ్వనితో ప్రశ్నిస్తుంది. నాసికామార్గంలో పుట్టిన చిటుకులు నుదుటిలోని కొవ్వుముద్ద గుండా ఒక దిశకు కేంద్రీకృతమై పోతాయి. చేపకో, రాతికో తగిలి తిరిగివచ్చిన ప్రతిధ్వని క్రింది దవడ కొవ్వు గుండా చెవికి చేరుతుంది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. 15 మీటర్ల దూరానున్న చేపనుండి సమాధానం రావడానికి సెకనులో యాభైయవ వంతు చాలును.

ఈ విద్యను వర్ణించే పుస్తకాలు నేను చదవకముందే దాని సూత్రం మా ఇంట్లో విన్నాను. మా మేనమామ రైల్వేలో టి.ఎక్స్.ఆర్. బండి వచ్చి నిలువగానే పొడుగు పిడి సుత్తితో చక్రం తరువాత చక్రాన్ని తట్టుకుంటూ పోయేవాడు. గట్టి చక్రం గంటవలె మ్రోగుతుంది; పగులున్న చక్రం బొంగురుగా పలుకుతుంది. “చక్రం అబద్ధమాడదు అల్లుడూ, వినేవాడే పొరబడతాడు,” అనేవాడు. గట్టిగా కొడితే ఇంకా బాగా తెలియదా అని అడిగితే తల అడ్డంగా ఊపేవాడు. యార్డులో నాలుగువైపులా ఇనుమే; అవసరాన్ని మించి కొడితే అన్నీ కలసి మ్రోగి, అడిగినదేదో తెలియకుండా పోతుందని ఆయన అనుభవం.

సముద్రపు డాల్ఫిన్లను గూర్చి శాస్త్రజ్ఞులు నేర్చుకొన్నదీ ఇంచుమించు ఈ క్రమంలోనే. 1947లో ఫ్లోరిడాలోని మెరైన్ స్టూడియోస్‌లో పనిచేసిన ఆర్థర్ మెక్‌బ్రైడ్, రాత్రివేళ మురికినీటిలో కూడా డాల్ఫిన్లు సన్నకన్నుల వలను పసిగట్టి తప్పించుకొనుటను తన నోటు పుస్తకంలో వ్రాసుకొన్నాడు. కెనెత్ నోరిస్, ఆయన సహచరులు ఒక డాల్ఫిన్ కన్నులకు రబ్బరు మూతలు అంటించి, అది అడ్డంకుల నడుమ తడబడకుండా పోవుటను నిరూపించి 1961లో ప్రచురించినారు. అయితే అంతకంటె విచిత్రమైనది హవాయి దీవులలోని కనియోహి అఖాతంలో 1974లో బయటపడింది. అక్కడ నీటి అడుగున ఒక జాతి రొయ్యలు నిరంతరం చిటపటలాడుతూ ఉంటాయి. ఆ రొదలో విట్‌లో ఆవ్ బృందం పరీక్షించిన డాల్ఫిన్లు, తొట్లలోని డాల్ఫిన్లకంటె ఎంతో బిగ్గరగా, ఎంతో హెచ్చు స్థాయిలో, 120 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో చిటుకులు వేసినవి. మనిషి చెవికి అందేది 20 కిలోహెర్ట్జ్ వరకే. 1985లో అదే శాస్త్రజ్ఞులు, శాన్ డియేగో నుండి ఆ అఖాతానికి తెచ్చిన ఒక తెల్ల తిమింగిలాన్ని గూర్చి వ్రాసినారు. పాత నీటిలో 40 నుండి 60 కిలోహెర్ట్జ్ వద్ద పలికిన ఆ ప్రాణి, కొత్త నీటిలో 100 నుండి 120కి గొంతు పెంచింది. ప్రాణి అదే, నీరు మారింది, గొంతు మారింది.

సముద్రం విశాలమైనది గనుక అక్కడ బిగ్గరగా అడుగుట చెల్లుతుంది. నది సంగతి వేరు. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, బంగ్లాదేశ్ సుందరవనాలలో శుశుకాన్ని, ఐరావతీ డాల్ఫిన్‌ను ప్రక్కప్రక్కనే ఉంచి విన్నారు. ఐరావతీ డాల్ఫిన్ చిటుకు 195 డెసిబెల్లు. శుశుకానిది 184 మాత్రమే. నీటిలోని డెసిబెల్లు గాలిలోని వాటితో పోల్చదగినవి కావు. కాని కనియోహిలోని డాల్ఫిన్లు అదే కొలతలో సుమారు 220 అందుకొన్నవంటే తేడా తెలుస్తుంది. శుశుకం స్వరస్థాయి కూడా 61 కిలోహెర్ట్జ్ వద్ద, అంత శరీరమున్న ప్రాణినుండి ఆశించేదానికంటె ఒక స్థాయి క్రింద ఉన్నది. రెండూ చిటుకుకూ చిటుకుకూ నడుమ వ్యవధిని బాగా తగ్గించుకొన్నవి. అనగా దూరాన ఉన్నదానిని అడుగవు, దగ్గర ఉన్నదానినే మాటిమాటికీ అడుగుతాయి. లోతులేని నదిలో అడుగు, ఉపరితలం, గట్లు, మునిగిన చెట్లు అన్నీ ప్రతిధ్వనిస్తాయి. అక్కడ గొంతెత్తినవానికి తన కేకే తెరగా నిలుస్తుంది. మా మేనమామ సుత్తి దెబ్బకు ఇంతకంటె వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

ఈ రెండు ప్రాణులకూ తెలుగుదేశంతో ఒక చుట్టరికం ఉన్నది. 1801లో శుశుకాన్ని శాస్త్రరీత్యా వర్ణించినవారిలో ఒకడైన విలియం రాక్స్‌బర్గు, కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా రాకముందు 1793 వరకు సామర్లకోటలో మన మొక్కలను పరిశీలించినవాడు. ఇక ఐరావతీ డాల్ఫిన్‌కు పేరు బర్మా నదిది గాని, 1866లో రిచర్డ్ ఓవెన్ దానిని వర్ణించుటకు ఆధారమైన ప్రాణి 1852లో విశాఖపట్నం రేవులో దొరికినది. ఖరగ్‌పూరునుండి విశాఖకు పోయే బండి కిటికీలోనుండి కనబడే చిలికా సరస్సులో ఆ జాతి నేటికీ జీవిస్తున్నది. పేరు ఒక నీటిది, పుట్టుక మరొక నీటిది. ఖరగ్‌పూరు తెలుగువారికి ఇది వింతగా తోచదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులనుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ వేలకొలది. మథురాకాటిలో, నింపురాలో వారి మనుమలు హిందీ క్రియకు తెలుగు ప్రత్యయం తగిలించి, బెంగాలీ మాటతో వాక్యం ముగిస్తారు. భాష చెడిపోయిందని వగచే పెద్దలున్నారు. నాకట్లు తోచదు. మారిన గొంతు పోయిన గొంతు కాదు. అది ఈ నీటికి తగిన గొంతు. పోవడమంటే సమాధానం రాకపోవడం.

శుశుకానికి వచ్చిన ఆపద సరిగా అదే. అది తన గొంతును తగ్గించుకొని బ్రతికింది. మనం నదిలో మన గొంతును హెచ్చిస్తున్నాం. రూప్‌నారాయణ్‌లో భొట్‌భొటి అనే ఇంజను పడవలు. హుగ్లీలో హల్దియానుండి ప్రయాగ్‌రాజ్‌వరకు 1620 కిలోమీటర్ల మొదటి జాతీయ జలమార్గం. 2019లో మన దేశపు పరిశోధకులు గంగలో చేసిన పరిశీలనను ప్రచురించినారు. పడవల రొద హెచ్చినప్పుడు శుశుకాలు తమ ధ్వని వ్యాపారాన్ని మార్చుకొంటున్నవనీ, నీరు తక్కువగా ఉన్న ఎండకాలంలో ఆ శ్రమ వాటి శరీరంమీద మరింత భారమవుతున్నదనీ అందులో తేలినది. వేసవిలో నది సన్నబడినప్పుడు పడవకూ ప్రాణికీ దారి ఒక్కటే, తొలగిపోవడానికి చోటుండదు. దానికి తోడు సన్నని నైలాను వలలు. ఆ దారం బలమైన ప్రతిధ్వనిని ఇవ్వదు. రొదలో అదీ వినబడదు. వలలో చిక్కినది నీటిపైకి రాలేక ఊపిరాడక చస్తుంది.

చట్టం లేకపోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి మొదటి షెడ్యూలులో స్థానమిచ్చింది. 2009లో ఇది జాతీయ జలచరమైనది. 2025లో వెలువడిన మొదటి దేశవ్యాప్త గణన నదీ డాల్ఫిన్లు 6327 అని చెప్పింది. అందులో పశ్చిమ బెంగాల్ వంతు 815. లెక్క తెలియడం మేలే. కాని లెక్కపెట్టినవారు చూచినది నీటిపైకి వచ్చిన వీపులను, విన్నది నీటి క్రింది చిటుకులను. ఆ చిటుకులకు నది ఇచ్చే సమాధానమే వాటి తిండి, దారి, ప్రాణం. నీరు శుభ్రంగా ఉండవలెనని మనకు తెలిసింది, లోతుగా ఉండవలెనని తెలుస్తున్నది. కొంత నిశ్శబ్దంగా కూడా ఉండవలెనని ఇంకా మన చట్టాల భాషలోకి దిగవలసి ఉన్నది. పడవల వేగం తగ్గించుట, ఎండకాలంలో మడుగుల దగ్గర ఇంజనులు కట్టివేయుట మనిషికి అసాధ్యమైన పనులు కావు.

నా అనువాదంలో ‘శుశుకం’ అనే వ్రాసినాను. తెలుగు చెవికి అది కొత్త మాట. కాని పలికితే ఊపిరి వదలిన చప్పుడు వినబడుతుంది. పాఠకుడు దానిని చూడలేకపోయినా, వినగలిగితే చాలును.