నేను నోరు మూయించిన సాక్షి

మీ వంటింట్లో ఉన్న కారం ప్యాకెట్‌ను ఒకసారి చేతిలోకి తీసుకోండి. దాని మీద 500 గ్రాములు అని అచ్చువేసి ఉంటుంది. ఆ అంకెను నమ్మి మీరు డబ్బు చెల్లిస్తారు. ఇంటికి తెచ్చాక దాన్ని తూచి చూసేవారు అరుదు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే పనిలో ఉండి కూడా, ఒక రాత్రి నేనే దాన్ని చెడగొట్టాను. ఆ సంగతి మీతో చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా అమ్మ సంతలో ఎండుమిరపకాయలు అమ్మేది. తక్కెడ పట్టుకోగానే ముందు పాసంగం చూసేది. రెండు తట్టలూ ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు నిటారుగా నిలవాలి. నిలవకపోతే తేలిక తట్టలో చిన్న రాయి వేసి సరిచేసేది. కొనేవాళ్ళు అడిగినా అడగకపోయినా వాళ్ళ కళ్ళముందే ఈ పని చేసేది. "పాసంగం చూడని తూకం తూకం కాదు నాయనా" అనేది.

నేను ఐ.టి.ఐ. చదివి గుంటూరు దగ్గర ఒక కారం మిల్లులో ప్యాకింగ్ మిషన్ ఆపరేటర్‌గా చేరాను. అక్కడ తక్కెడ లేదు. పైన కారం పోసే పెద్ద గరాటు, దాన్ని హాపర్ అంటారు. దాని అడుగున పొడవాటి మర. అది ఇన్ని చుట్లు తిరిగితే ఇంత కారం సంచిలోకి దిగుతుంది. వేడి దవడలు ఆ సంచిని అతికించి కోస్తాయి. నిమిషానికి ఇరవై ఐదు ప్యాకెట్లు. అంత వేగంలో మనిషి కన్ను ఏమీ పట్టుకోలేదు. అందుకే మిషన్‌కు సెన్సర్లు ఉంటాయి.

వాటిలో ఒకటి కవరు రోలు మీద అచ్చువేసిన చిన్న గుర్తును చూస్తుంది. ఆ గుర్తు దగ్గరే కోస్తేనే బొమ్మ మధ్యలో తెగదు. మొదట్లో మాకు ఎర్ర వెలుగుతో పనిచేసే సెన్సర్ బిగించారు. మా కవరు తెలుపు, గుర్తు ఎరుపు. ఎర్ర వెలుగును ఎర్ర గుర్తు, తెల్ల కవరు దాదాపు ఒకేలా తిప్పికొడతాయి. కాబట్టి దానికి గుర్తు కనబడలేదు. ఆకుపచ్చ వెలుగు సెన్సర్ పెట్టగానే సరిపోయింది. చూసే కన్ను ఉంటే చాలదు, చూడవలసినదానికి తగిన వెలుగు కూడా ఉండాలని అప్పుడే నేర్చుకున్నాను.

రెండవది హాపర్‌లో కారం ఎంత ఎత్తున ఉందో చెప్పే సెన్సర్. ఇది ఎందుకంటారా? మర బరువును కొలవదు, మానికలాగా పరిమాణాన్ని కొలుస్తుంది. మానికలో పిండి కుదించి పోస్తే ఎక్కువ పడుతుంది, వదులుగా పోస్తే తక్కువ పడుతుంది. హాపర్ నిండుగా ఉంటే పై కారం బరువుకు అడుగు కారం కుదురుకుంటుంది. మట్టం పడిపోతే వదులవుతుంది. మర అన్నే చుట్లు తిరిగినా ప్యాకెట్‌లో బరువు తగ్గుతుంది.

మూడవది చివర ఉండే తూకం బెల్టు. దాని కింద లోడ్ సెల్ అనే లోహపు దిమ్మ ఉంటుంది. బరువు పడగానే అది కంటికి కనబడనంత వంగుతుంది. దానికి అతికించిన సన్నని రేకు తీగలు సాగుతాయి. సాగినప్పుడు వాటిలో విద్యుత్తుకు కలిగే నిరోధం మారుతుంది. ఆ మార్పే గ్రాములుగా తెర మీద కనబడుతుంది. ఇలాంటి తీగను 1938లో అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు ఎవరికి వారుగా కనిపెట్టారు. తూకం తగ్గిన ప్యాకెట్‌ను ఒక చిన్న చెయ్యి పక్కకు తోసేస్తుంది.

2016లో దసరాకు ముందు ఒక రాత్రి షిఫ్టు. బయట వాన, గాలిలో తేమ. తెల్లవారేసరికి లారీ బయలుదేరాలి. అర్ధరాత్రి దాటాక తూకం బెల్టు ఒక్కొక్క ప్యాకెట్‌ను తోసివేయడం మొదలుపెట్టింది. అలారం మోగుతూనే ఉంది. చూస్తే ప్యాకెట్లు ఎప్పటిలాగే ఉన్నాయి. "వాన తేమకు ఇది చెడిపోయినట్లుంది" అనుకున్నాను. తోసే చేతిని ఆపివేసి, అలారం కట్టేశాను. లెక్క ప్రకారం లారీ నిండింది.

నిజానికి చెడింది అది కాదు. హాపర్‌లోని మట్టం సెన్సర్ మీద తేమకు కారం గారలాగా పేరుకుంది. తన ముఖాన అంటుకున్న కారాన్నే చూసి, హాపర్ నిండుగా ఉందని అది చెబుతూ వచ్చింది. కొత్త కారం రావడం తగ్గిపోయింది. ఒక సెన్సర్ గుడ్డిదైతే, మరొకటి నిజం చెప్పింది. నేను నిజం చెప్పినదాని నోరు మూయించాను.

మరునాడు లారీ ఆఫీసు తూకంలో పెట్టెకు అరకిలో చొప్పున తక్కువ వచ్చింది. పెట్టెకు ఇరవై ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్ అరకిలో. అంటే పెట్టెకు ఒక ప్యాకెట్ పోయిందని యజమాని లెక్కవేశారు. ప్యాకెట్లు లెక్కబెట్టి పెట్టెలు అతికించే అమ్మాయిని పిలిచి, రేపటినుండి రావద్దన్నారు. తండ్రి లేని పిల్ల. ఆమె కూలితోనే ఇల్లు గడిచేది. "నేను లెక్కబెట్టే పెట్టాను అన్నయ్యా" అని నా దగ్గరకు వచ్చి ఏడ్చింది.

నాకు అనుమానం తగిలింది. అయినా నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం. ఆ రాత్రి ఇంట్లో ప్రార్థనకు కూర్చుంటే మాట రాలేదు. తక్కెడ పట్టుకున్న మా అమ్మ చెయ్యే కళ్ళముందు మెదిలింది.

తెల్లవారగానే యజమాని దగ్గరకు వెళ్ళాను. "అయ్యా, ఆ రాత్రి పెట్టెలు కొన్ని గోదాములో మిగిలాయి. ఒకటి విప్పి చూద్దాం" అన్నాను. విప్పితే ఇరవై ప్యాకెట్లూ ఉన్నాయి. తూస్తే కవరు పోను ఒక్కోదానిలో 475 గ్రాములు. పాతిక గ్రాముల చొప్పున ఇరవై ప్యాకెట్లకు సరిగ్గా అరకిలో! అప్పుడు జరిగినదంతా చెప్పాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. "ముందు ఆ అమ్మాయిని పిలవండి" అన్నారు.

ఆమె వచ్చాక నేనే క్షమాపణ అడిగాను. ఆమె కోపగించుకోలేదు. "నిన్ననే చెప్పి ఉంటే రాత్రి మా అమ్మ అన్నం తినేది అన్నయ్యా" అంది. ఆ మాట ఈనాటికీ నన్ను వదల్లేదు. సరుకు వెనక్కి తెప్పించి మళ్ళీ నింపాం. నా జీతంలో కోత పడింది. అది న్యాయమే.

మన దేశంలో 2011 నుండి అమలులో ఉన్న ప్యాకెట్ సరుకుల నిబంధనల ప్రకారం, 500 గ్రాముల ప్యాకెట్‌లో అనుమతించే లోటు 15 గ్రాములు. అదీ ఏదో ఒక ప్యాకెట్‌లో పొరపాటున వస్తేనే. పరీక్షకు తీసిన ప్యాకెట్ల సగటు బరువు మాత్రం అచ్చువేసినదానికి తగ్గకూడదు. కవరు బరువు అందులో చేరదు. మీకు అనుమానం వస్తే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. 1915కు ఫోను చేసినా వినియోగదారులకు దారి చూపుతారు.

ఇప్పుడు ప్రతి షిఫ్టు మొదట్లో నేను మిషన్ ఆపి సెన్సర్ల ముఖాలను పొడిగుడ్డతో తుడుస్తాను. బెల్టు ఖాళీగా ఉన్నప్పుడు తెర మీద సున్నా ఉందో లేదో చూస్తాను. ముద్రవేసిన 500 గ్రాముల రాయి పెట్టి చూస్తాను. చివరగా, కావాలనే తక్కువ నింపిన ఒక ప్యాకెట్‌ను బెల్టు మీదికి పంపుతాను. దాన్ని ఆ చిన్న చెయ్యి పక్కకు తోసేదాకా మిషన్ నడపను. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఇదంతా ఏమిటని అడుగుతారు.

"పాసంగం చూస్తున్నాను" అంటాను.