ఒంటి కొలత

తెలుగులో తోలు అనే మాట ఒక్కటే. పశువు మీద ఉండేదీ తోలే, మనిషి మీద ఉండేదీ తోలే. ఊళ్ళో పెద్దోళ్ళకు కోపమొస్తే "తోలు తీస్తా కొడకా" అంటారు. బళ్ళో పంతులు అదే అంటాడు, ఠాణాలో జమేదారు అదే అంటాడు. తోలు తీయడం నిజంగా చేతనైనవాళ్ళు మాత్రం ఆ మాట వాడరు. మా తాత బతుకంతా తోళ్ళు తీశాడు. ఒక్కనాడు కూడా ఆయన ఒక మనిషిని ఆ మాట అనగా నేను వినలేదు.

నేను రాయబోయేది తోలు కోటు గురించి. మోటారు సైకిల్ నడిపేవాళ్ళు వేసుకునే కోటు. ఇంగ్లీషులో జాకెట్ అంటారు. ఆ మాట చెప్తే మా అమ్మ పడీ పడీ నవ్వింది. "జాకెట్టేందిరా, ఆడోళ్ళ లెక్క!" అంది. అప్పట్నుంచి మా ఇంట్లో అది కోటే. మాదిగోడు కోటు మీద వ్యాసం రాయడమేంది, రాయడానికి వేరే బాధలు లేవా అని మిత్రులు అడగొచ్చు. ఉన్నాయి. కానీ కోటు ఒంటికి సరిపోవడమనే చిన్న సంగతిలో మా మూడు తరాల బతుకు ఇరుక్కుని ఉంది.

ఒంటికి సరిపోయే బట్ట కావాలంటే ముందు ఒళ్ళు కొలవాలి. కొలవాలంటే ముట్టుకోవాలి. చిక్కంతా అక్కడే.

మా తాత కాలంలో మా ఊరి దర్జీ గూడెపోళ్ళకు టేపు పెట్టేవాడు కాదు. దూరంగా నిలబెట్టి "ముంగటికి తిరుగు, ఎనక్కి తిరుగు" అని కంటితోనే కొలిచేవాడు. ఆ చొక్కా అయితే చంకల్లో పట్టేది, లేదంటే మోకాళ్ళ దాకా వేలాడేది. కుట్టుకూలి మాత్రం కంటితో ఇస్తే ఊరుకునేవాడు కాదు.

అదే ఊళ్ళో అందరి కాళ్ళ కొలతలూ మా తాతకు నోటికి వచ్చు. పటేలు కుడికాలు ఎడమదాని కన్నా ఎడల్పు. కరణం బొటనవేలు పక్కకు వంగి ఉంటది. ఇవన్నీ ఆయన ముట్టుకుని తెలుసుకున్నవి కావు. పటేలు తడిమన్ను మీద అడుగు మోపి పక్కకు జరిగేవాడు. తాత ఆ అడుగు ముందు గొంతుక్కూచుని ఈతపుల్లలు తుంచేవాడు. పొడుగుకొకటి, ఎడల్పుకొకటి. ఆ రెండు పుల్లలతోనే కిర్రు చెప్పులు తయారయ్యేవి. చెప్పు కరిచిందని ఒక్కరూ వెనక్కి తేలేదని మా అవ్వ గొప్పగా చెప్పేది. మోట బావులు నడిచిన రోజుల్లో ఊరి పొలాలకు నీళ్ళు తోడింది కూడా ఆయన కుట్టిన తోలు బొక్కెనలే. ఊరంతటికీ సరిపోయేవి కుట్టిన మనిషి, తనకు సరిపోయే చొక్కా తొడగకుండానే పోయాడు.

మా నాయిన చిన్నతనం దొరల ఇళ్ళల్లో పాతబడ్డ చొక్కాలతో గడిచింది. నా చిన్నతనం సాంఘిక సంక్షేమ హాస్టల్లో గడిచింది. యూనిఫాంలు మూటలుగా వచ్చేవి. మాకెవరికీ కొలత తీసింది లేదు. చేతులు మూడు మడతలు పెట్టుకుని తొడిగేవాణ్ణి. "పెరుగుతవు లేరా" అనేవాడు వార్డెను. నేను ఆ చొక్కాకు సరిపోయేసరికి చొక్కా చిరిగిపోయేది.

నేను మా ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి. బీఈడీ చేసి, డీఎస్సీ రాసి, జిల్లా పరిషత్ బడిలో లెక్కల టీచరునయ్యాను. ఇంటి నుంచి బడికి 38 కిలోమీటర్లు. బండి మీద పోతాను, బండి మీద వస్తాను. 2021 చలికాలంలో ఒక మలుపు దగ్గర రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండి జారింది. ఎడమ మోచేతి తోలు రూపాయి బిళ్ళంత మేర లేచిపోయింది. నాయిన గాయం చూసి ఓ మాటన్నాడు. "మనిషి తోలు మా పల్చనరా. దున్న తోలైతే నిలిచేది." కోటు సంగతి నాకు తట్టింది ఆ మాటతోనే.

హైదరాబాదులో ఒక పెద్ద షాపుకు నాయినను వెంటబెట్టుకుని పోయాను. తొడిగితే అద్దంలో సినిమా హీరోలా ఉంది. నాయిన అంచు పట్టుకుని రెండు వేళ్ళతో నలిపాడు. "మెత్తగున్నదని మురువకు బిడ్డా. ఇది గొర్రెతోలు. రోడ్డు మీద పడితే కాయితం లెక్క చినుగుతది" అన్నాడు. షాపు కుర్రాడు నాయిన లుంగీ వైపు చూసి, నా వైపు తిరిగి "ఇది ఇంపోర్టెడ్ సార్" అన్నాడు. తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ నాయిన చెప్పిందే. బండి మీద వేసుకునే కోటుకు ఆవుతోలో ఎద్దుతోలో గేదెతోలో కావాలి. మందం 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. ఫ్యాషన్ కోట్లకు వాడే పల్చటి గొర్రెతోలు చలికి ఆగుతుంది గానీ తారురోడ్డు రాపిడికి ఆగదు.

2023లో నాయిన కంటి పరీక్షకు చెన్నై పోవాల్సి వచ్చింది. సెంట్రల్ స్టేషన్‌కు దగ్గర్లోనే పెరియమేట ఉంది. తోలు వ్యాపారమంతా అక్కడ. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్ళ ఫ్యాక్టరీల సరుకు అక్కడ కనిపిస్తుంది. ఒక సందులో కోట్లు కుట్టే పెద్దాయన దొరికాడు. ముస్లిం. డెబ్బయ్యేళ్ళుంటాయి. నా హైదరాబాదీ ఉర్దూ ఆయనకు అర్థమైంది, ఆయన ఉర్దూ నాకు అర్థమైంది.

"దగ్గరికి రా బేటా" అని టేపు తీశాడు. ఛాతీ, నడుము, మెడ, భుజం కొలిచాడు. అక్కడితో ఆగలేదు. ఒక స్టూలు మీద కూచోబెట్టి, బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపమన్నాడు. ముందుకు వంచి, మెడ ఎముక నుంచి నడుము దాకా వీపు మళ్ళీ కొలిచాడు. మోచెయ్యి వంచి, భుజం నుంచి మోచేతి మీదుగా మణికట్టు దాకా టేపు పోనిచ్చాడు. కొలుస్తూనే చెప్పుకుంటూ పోయాడు.

నిలబడినప్పుడు బాగున్న కోటు బండెక్కితే బాగుండదంట. చేతులు చాపగానే చేతి అంచు మణికట్టు మీదికి లేస్తుంది, వీపు పైకి పోయి నడుము బయటపడుతుంది. అందుకని నిలబడ్డప్పుడు చేతులు బొటనవేలి మొదలు దాకా రావాలి, వెనకభాగం ముందుకన్నా కాస్త దిగాలి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. కిందికి జారిందా, అది ఎదుటోడి కోటు. మెడ పట్టీ గుండీ పెట్టాక లోపల రెండు వేళ్ళు దూరాలి. కొత్తలో ఒంటికి గట్టిగా పట్టినట్టుండాలి, ఊపిరి తీస్తే మాత్రం ఆడాలి. ఎందుకంటే తోలు మనిషి వేడికి, కదలికకు మెల్లగా లొంగుతుంది. కొన్ని నెలలకు మోచేతుల దగ్గర మన మడతలే దానికి పడతాయి. కానీ పొడుగు పెరగదు, భుజాలు పెరగవు. అక్కడ బిగుతుంటే ఎప్పటికీ బిగుతే.

వదులుగా ఉంటే ఏమవుతుందని అడిగాను. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర లోపల గార్డులుంటాయి. యూరపులో వాటికి ఇ.ఎన్. 1621-1 అని ఒక ప్రమాణం కూడా ఉంది. కోటు వదులైతే పడ్డప్పుడు ఆ గార్డు పక్కకు తిరిగిపోతుంది, మోచెయ్యి నేలకు తగులుతుంది. "ఢీలా కోటు ఉన్నా లేనట్టే" అన్నాడు. నాకు హాస్టలు యూనిఫాం గుర్తొచ్చింది.

నాయిన కళ్ళల్లో మందు వేసి ఉన్నారు. ఏదీ సరిగ్గా కనపడదు. బల్ల మీద పరిచిన తోలును చేత్తో తడుముతూ పోయాడు. ఒకచోట ఆగి "ఇది ఎన్నుపూస పక్కది" అన్నాడు. ఇంకాస్త జరిగి "ఇది కడుపుది. సాగుతది. దీన్ని మోచేతికి వెయ్యొద్దని చెప్పురా సాయెబుకు" అన్నాడు. నేను ఉర్దూలో చెప్పాను. పెద్దాయన కత్తెర పక్కనబెట్టి నాయిన వైపు చూశాడు. "ఈయన పనివాడు" అన్నాడు.

తర్వాత గంటసేపు నేను దుబాసీనే. వీపు వైపు తోలు బిగువు, దాన్ని భుజాలకూ మోచేతులకూ వెయ్యాలి. కడుపు, చంక వైపుది లోపలి ముక్కలకు. రెండు చేతులూ ఒకే తోలులో పక్కపక్క నుంచి కొయ్యాలి, లేకుంటే ఒకటి సాగుతుంది, ఒకటి సాగదు. చెప్పుల జత అట్టలు కూడా మావోళ్ళు అట్లాగే కోసేవాళ్ళని నాయిన చెప్పాడు. సున్నంలో నానేసి బొచ్చు గీకడం, తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, తోలును సంచిలా కుట్టి ఆ నీళ్ళు పోసి కొయ్యకు వేలాడదీయడం, అన్నీ చెప్పాడు. ఇప్పటి ఫ్యాక్టరీల్లో క్రోమియం ఉప్పుతో ఊనే తోలుకు అంత కాలం పట్టదని పెద్దాయన చెప్పాడు. నా ముప్పయ్యేళ్ళ బతుకులో మా నాయిన తన పని గురించి అంతసేపు మాట్లాడగా చూడలేదు. ఊళ్ళో ఆయన ఆ పని చేశాడు గానీ, దాని గురించి అడిగినోళ్ళు లేరు. నేనూ చదువులో పడి లంద వాసనకు దూరంగా పెరిగాను.

లేచి వచ్చేముందు నాయిన మెల్లగా అడిగాడు. "నా కొలత గూడ తీస్తడేమో అడుగురా. కోటుకు కాదు, ఊకెనే."

పెద్దాయన అడగలేదు ఎందుకని. టేపు తీసి ఛాతీ, భుజం, చెయ్యి, మెడ కొలిచి చీటీ మీద రాసిచ్చాడు. నాయిన దాన్ని బనీను జేబులో పెట్టుకున్నాడు. రైల్లో రెండుసార్లు తీసి చూశాడు. ఆయనకు అంకెలు వచ్చు.

కోటు 12 వేలయింది. నెల తర్వాత పార్సిల్లో వచ్చింది. మొదటిరోజు తొడుక్కుని బడికి పోతే స్టాఫ్ రూములో ఒకాయన నవ్వుతూ అన్నాడు. "ఏం సార్, కులవృత్తి మళ్ళీ ఒంటి మీదికి తెచ్చుకున్నరు?" ఆయన నడుముకు తోలు బెల్టు, కాళ్ళకు తోలు బూట్లు, చేతికి తోలు పట్టీ గడియారం. నేను ఆ మూడూ చూపించి "మీరూ తెచ్చుకున్నరు గద సార్" అన్నాను. బెల్లు కొట్టారు. క్లాసుకు పోయాను. కానీ ఆ మాట నాతోనే వచ్చింది.

అసలు ఈ కోటుకున్న చరిత్ర ఏంటి? ఏటవాలు జిప్పు కోటును 1928లో న్యూయార్కులో ఇర్వింగ్ షాట్ కుట్టాడు. ధర అయిదున్నర డాలర్లు. 1953లో 'ది వైల్డ్ వన్' సినిమాలో మార్లన్ బ్రాండో వేసుకున్నాక అది ఎదురుతిరిగే కుర్రాళ్ళ గుర్తయింది. 1966లో ఓక్లండ్‌లో పుట్టిన బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్ళు నల్లటి తోలు కోట్లు తొడిగి వీధుల్లో నిలబడ్డారు. 1972లో బొంబాయిలో మనోళ్ళు ఆ పేరు తీసుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు. పేరు తెచ్చుకున్నాం, కోటు తెచ్చుకోలేదు. తెచ్చుకోలేకపోయాం అనాలేమో. అక్కడ నల్లవాళ్ళు వేసుకుంటే భయపడ్డ తోలు, ఇక్కడ మేము ముట్టుకున్నందుకే మమ్మల్ని ముట్టరానివాళ్ళను చేసింది.

1927లో మహద్ సభలో బాబాసాహెబ్ చచ్చిన గొడ్లను మొయ్యడం మానమని చెప్పాడు. మానాం. అది సరైందే. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న పిల్లల్ని కట్టేసి కొట్టినప్పుడు, గుజరాత్ దళితులు కళేబరాలను సురేంద్రనగర్ కలెక్టరు ఆఫీసు ముందు పడేశారు. అదీ సరైందే. నా బిడ్డలను లంద దగ్గరికి పంపను. కానీ ఒక మాట అడగాలి. వెట్టిని వదిలాం, సరే. దానితోపాటు విద్యను కూడా వదులుకోవాలా? మద్రాసులో 1948లో కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ పెట్టారు. మన తెనాలి ప్రాంతపు యలవర్తి నాయుడమ్మ దానికి డైరెక్టరై ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. తోలు తెల్లకోటు వేసుకుంటే సైన్సు, గోచీ కట్టుకుంటే మైల. 2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేశారు. పువ్వు బతుకమ్మకెక్కింది. ఆ చెక్కతో తోళ్ళు ఊనిన చేతుల సంగతి ఏ పాఠంలోనూ రాలేదు. లెక్కల టీచరుగా నేను చెప్తున్నా. రెండు ఈతపుల్లలతో పాదం వైశాల్యాన్ని పట్టుకున్న మా తాతది లెక్కే.

మా బడి పిల్లల యూనిఫాంలు ఇప్పుడు మహిళా సంఘాల అక్కలు కుడుతున్నారు. కొలతలు తీసే రోజు నేను పాఠం చెప్పను. నోటుబుక్కు పట్టుకుని పక్కన నిలబడతాను. వరస తప్పకుండా ప్రతి పిల్లకూ ప్రతి పిల్లోడికీ టేపు పడాలి. గూడెం పిల్లలను చూసి "వీళ్ళు ఇంతే ఉంటరు సార్, అందాజ రాసుకుందాం" అని పోయిన ఏడు ఒకామె అంది. "కుదరదక్కా, టేపు పెట్టు" అన్నాను. పెట్టింది. పిల్లలు చంకల్లో చక్కిలిగింతలై నవ్వారు. "పెరిగే పిల్లలు గద సార్, రెండంగుళాలు ఎక్కువ వేద్దమా?" అని అడిగింది. వెయ్యమన్నాను. ఆ రెండంగుళాలూ లోపలికి మడిచి కుట్టమన్నాను. పెరిగినప్పుడు విప్పుకుంటారు. ఈ ఏడాదికి మాత్రం చొక్కా సరిపోవాలి.