అంచులు లేని రంగు

జంతు వేషాలు కుట్టడం మొదలుపెట్టిన వాళ్ళలో చాలామందికి గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ మీద ఒక పెద్ద ఆశ ఉంటుంది. తెల్లటి కృత్రిమ బొచ్చు గుడ్డ ఒక్కటి కొంటే చాలు, స్ప్రే పట్టుకుని దాన్ని నక్కనో పులినో చేసేయవచ్చునని. ఆ ఆశతో మొదలైన పని సాధారణంగా గట్టిపడి అట్టకట్టిన బొచ్చుతో ముగుస్తుంది. తప్పు చేతిది కాదు, సాధనం ఎందుకుందో అర్థం చేసుకోవడంలో ఉంది. వేషానికి అసలు రంగు మిల్లులో పోగుకి పట్టి రావాలి. ఒక రంగు గుడ్డ మరో రంగు గుడ్డను కలిసే చోట కనబడే గీతను చెరపడానికే ఎయిర్‌బ్రష్. ఈ మాట ముందే తెలిస్తే నేర్చుకోవడం సగం తేలికవుతుంది.

ఇది ఎందుకో పోగే చెబుతుంది. వేషాలకు వాడే బొచ్చు ఎక్కువగా యాక్రిలిక్, మోడాక్రిలిక్. పోగు బరువులో 85 శాతం, ఆపైన యాక్రిలోనైట్రైల్ ఉంటే యాక్రిలిక్. 35 శాతం నుంచి 85 లోపు ఉంటే మోడాక్రిలిక్. రెండూ నీళ్ళు పెద్దగా పీల్చవు. నూలుకీ పట్టుకీ ఉన్నికీ ఇళ్ళలో అద్దే రంగులు వీటికి అంటవు. వీటికి అంటుకునే బేసిక్ రంగులు కూడా నీళ్ళు దాదాపు మరిగే వేడిలో గానీ పోగు లోపలికి దిగవు, ఆ వేడికి పొడుగు బొచ్చు మెత్తదనం పోయి ముడుచుకుపోతుంది. అందువల్ల చల్లగా స్ప్రే చేసిన రంగు పోగు పైన పొరగా ఉండిపోతుందే తప్ప పోగులో భాగం కాదు. గుడ్డల మీద వేసే ఎయిర్‌బ్రష్ రంగులు చాలావరకు ఇస్త్రీ వేడితో స్థిరపడేవి. ఈ బొచ్చు మీద ఇస్త్రీపెట్టె ఆనిస్తే పోగు కరిగిపోతుంది. పై పొరగా ఉన్న రంగు ఎంత పలచగా ఉంటే అంత మంచిది. గజాల కొద్దీ గుడ్డను దానితో కప్పాలనుకోవడం పోగు స్వభావానికి ఎదురీదడమే.

జంతువు కూడా ఇదే చెబుతుంది. తోడేలు వెంట్రుకను విడిగా చూస్తే మొదలు నుంచి కొస దాకా ఒకే రంగు ఉండదు. లేత, ముదురు పట్టీలుంటాయి, కొస నల్లగా ఉంటుంది. వీపు మీద అలాంటి నల్ల కొసలు ఒత్తుగా చేరి, పక్కలకు దిగేకొద్దీ పలచబడతాయి. కాబట్టి లేత బూడిద గుడ్డ మీద ఎయిర్‌బ్రష్ కొసలను మాత్రమే తాకి ఊరుకోవడం లోపమేమీ కాదు, తోడేలు ఒంటి మీద ప్రకృతి చేసిన పని అదే. పులి సంగతి వేరు. పులి బొచ్చు గొరిగినా కింద చర్మం మీద చారలు కనిపిస్తాయి. పులి చార మొదలంటా ఉన్న రంగు. దాన్ని స్ప్రేతో వేస్తే వేషగాడు వంగినప్పుడల్లా బొచ్చు విడిపోయి, నల్ల చార నడుమ నారింజ మొదళ్ళు బయటపడతాయి. చారను నల్ల బొచ్చు గుడ్డతో కత్తిరించి కుట్టాల్సిందే. అయితే నిజమైన చార అంచులో నల్ల వెంట్రుకలూ నారింజ వెంట్రుకలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, కుట్టు దగ్గర అలా ఉండవు. అక్కడ, ఆ వేలెడు వెడల్పులో, ఎయిర్‌బ్రష్‌కి సాటి వచ్చే సాధనం నాకు కనబడదు. ఈ సాధనం చరిత్రా దీనికి సాక్ష్యమే. 19వ శతాబ్ది చివర అమెరికాలో పుట్టిన ఎయిర్‌బ్రష్ ఎక్కువగా వాడుకలోకి వచ్చింది ఫొటోలను సరిదిద్దడానికి, అంచులు మెత్తబరచడానికి.

సాధన కూడా ఈ దృష్టితోనే సాగాలి. డబుల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్ గన్‌లో ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వస్తాయి. ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి. కాగితం మీద కుదిరిన గీత బొచ్చు మీద కుదరదు, ఎందుకంటే గాలి బొచ్చును పాయలుగా చీలుస్తుంది. మరీ దగ్గర పెడితే మొదళ్ళు తేలి రంగు మచ్చలుగా పడుతుంది. కొంచెం దూరంగా, బొచ్చు వాలుకి ఎదురుగా ఒకసారి, వాలు వెంట ఒకసారి పలచగా కొట్టి, తడి ఆరకముందే కుక్కలకు వాడే తీగల దువ్వెనతో దువ్వాలి. పోగులు ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడేది ఈ దువ్వడమే. నేర్చుకునేవాళ్ళు గన్‌కిచ్చే శ్రద్ధలో సగం కూడా దువ్వెనకివ్వరు, అది విచారకరం.

ఇంత సూక్ష్మం ఎవరు చూస్తారని అడగవచ్చు. దసరాకీ పీర్ల పండుగకీ మన ఊళ్ళలో పులివేషాలు కడతారు. ఒంటికి పసుపు రంగు, దాని మీద నల్ల గీతలు, అంచులు కలపడమన్నదే లేదు, అయినా వీధంతా పులినే చూస్తుంది. నిజమే. కానీ ఆ వేషం డప్పు మీదా అడుగు మీదా బతుకుతుంది, గీత బలంగా ఉండటమే దానికి అందం. బొచ్చు వేషం నిజం జంతువునని చెప్పుకుంటుంది, పిల్లలు వచ్చి పట్టుకుని చూస్తారు, కెమెరా మొహం దాకా వస్తుంది. మరో అభ్యంతరం ఇంకా బలమైనది: 1977లో విడుదలైన ‘స్టార్ వార్స్’ సినిమాకి చ్యూబాకా అనే ఒళ్ళంతా బొచ్చున్న పాత్ర వేషం మోహెయిర్, యాక్ వెంట్రుకలతో తయారైంది, రంగురంగుల వెంట్రుకలు కలిపితే స్ప్రే అక్కర్లేదు కదా అని. అంత తీరికా డబ్బూ ఉన్నవాళ్ళకు అదే మేలైన దారి, ఒప్పుకుంటాను. అంగడిలో దొరికే గుడ్డతో పనిచేసేవాళ్ళకు ఆ కలయికకు దగ్గరగా వెళ్ళే మార్గం ఎయిర్‌బ్రష్. ఉతికితే రంగు వెలుస్తుందన్న మాటా ఉంది. వెలిసినా అంచు దగ్గరే వెలుస్తుంది, మళ్ళీ కొట్టుకోవచ్చు; గుడ్డంతా స్ప్రే చేసిన వేషానికి ఆ వీలు లేదు.

స్ప్రే తగ్గించమనడానికి మరో కారణం ఊపిరితిత్తులు. త్వరగా ఆరుతుందని చాలామంది ఆల్కహాల్ సిరాలు వాడతారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకునేంత ఆవిరినిస్తుంది; లంబసింగి లాంటి కొండ ఊరి చలి తప్పిస్తే మన గదులన్నీ అంతకన్నా వెచ్చనివే. పైగా స్ప్రే దాన్ని తుంపరగా గాలిలో కలుపుతుంది. గుడ్డ మాస్క్ ఆ ఆవిరిని ఆపలేదు. గన్ కొనేముందు ఆర్గానిక్ ఆవిరుల కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కొనండి, కిటికీలు తెరవండి, ఆ గదిలో పొయ్యీ దీపమూ లేకుండా చూసుకోండి.