బోగన్‌విల్ ద్వీపము – బూజుపట్టిన గుడారము

మన ప్రహరీగోడలపైఁ బ్రాకు కాగితపుఁబూల తీఁగకును, పసిఫిక్ మహాసముద్రములోని యొక ద్వీపమునకును బేరొక్కటియే. 1768లో నా దారిని నోడ నడిపిన ఫ్రెంచి నావికుఁడు బోగన్‌విల్ పేరే రెంటికిని బెట్టిరి. ఆ ద్వీపమును మేము కన్నులారఁ జూచినవారము కాము. పటమును, గ్రంథములను ముందుంచుకొని తెలిసికొన్నంత సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఆ దీవి సాలమన్ ద్వీపశ్రేణిలోనిది. నేఁడు పాపువా న్యూగినీ దేశమున స్వపరిపాలన గల భాగము. నడుమ నగ్నిపర్వతములు, చుట్టును దట్టమైన యడవులు. ఏఁడాది పొడుగునను వానయు, నుక్కయు. 1943 నవంబరులో అమెరికా సైన్యములు జపాను వారితోఁ బోరుటకై యచట దిగినవి. వారికి శత్రువులతోఁబాటు బూజుకూడ నెదురయ్యెను. నూలు గుడారములు, సంచులు, పట్టీలు చివికి చినిఁగిపోఁజొచ్చినవి.

వాన నాపు గుడ్డకు బూజేల పట్టవలయును? నూలుదారమున నున్నది సెల్యులోసు. శిలీంధ్రము తన జీర్ణరసముచే దానిని జక్కెరగాఁ గరఁగించి భుజించును. పైపూఁత వాన నాపునేగాని, కుట్టురంధ్రములఁ జొచ్చిన చెమ్మను లోపలనే బంధించును. అవిసెనూనె పూఁతయు, వినైలు పూఁతను మెత్తపఱచుటకుఁ గలుపు కొన్ని నూనెలును బూజునకే యాహారమగును.

కావున నిట్టి గుడ్డను జేయువారు మొదట నేఁతలోఁ బెట్టిన గంజిని బొత్తిగాఁ గడిగివేయుదురు. గంజి బూజునకుఁ బ్రియము. పిదప రాగి నాఫ్తనేటు వంటి మందులో నానఁబెట్టి, ప్రతి పోఁగునకును బట్టించి యారవేయుదురు. గుడ్డకుఁ బచ్చచాయ వచ్చును. ఆ తరువాతనే పైపూఁత. రాగి రబ్బరును జెఱచును గనుక రబ్బరు పూయఁదలఁచినచో వేఱు మందు వాడవలయును. ఒకప్పుడు పాదరసపు మందులును వాడిరి. విషమని వానిని విడిచిరి. పరీక్షకై గుడ్డముక్కలను వెచ్చని తడి యెరువుమంటిలోఁ గొన్నిదినములు పాతిపెట్టి, పైకిఁ దీసి, ఎంత లాగినఁ జినుఁగునో కొలుతురు.

బోగన్‌విల్‌లోఁ జివికిన గుడారపు గుడ్డనుండి తీసిన యొక శిలీంధ్రమును అమెరికావారు పాఱవేయక, క్యూ.యం. 6ఏ యను గుర్తుతో భద్రపఱచిరి. మసాచుసెట్సులోని నాటిక్ సైనిక పరిశోధనాలయమున ఎల్విన్ రీస్ అను శాస్త్రజ్ఞుఁడును, మేరీ మాండెల్స్ అను విదుషీమణియు దాని జీర్ణరసమును బహుకాలము పరిశోధించిరి. 1977లో దానికి రీస్ పేర ట్రైకోడెర్మా రీసీ యని నామకరణము జరిగెను. గుడారములను దిన్న యా రసముతోనే నేఁడు గడ్డిని జక్కెరగా మార్చి, దానినుండి యింధనము చేయుచున్నారు. మన రైతులు తెగులు రాకుండ విత్తనములకుఁ బట్టించు ట్రైకోడెర్మా దీనికి జ్ఞాతియే.

నైలాను దారమును బూజు తినఁజాలదు; కాని దానిపైఁ బేరుకొన్న మురికిని, పూఁతలోని నూనెను దినఁగలదు. కావున వానకోటైనను, గొడుగైనను, పిల్లల బడిసంచియైనను, తడిసినదానిని మడిచి పెట్టెలో నుంచరాదు. మురికి తుడిచి, నీడను గాలికి నారవేసి, పిదపనే మడువవలయును. కర్మాగారమున నెన్ని మందులు పట్టించినను, ఇంట నీ పని చేయవలసినవారు మనమే.