పలకవంటి కంప్యూటరు

పిల్లలూ! పలకమీద లెక్క చేసేటప్పుడు మెట్టుమెట్టుకూ సరిచూసుకుంటూ పోతే, తప్పు ఎక్కడ దొర్లిందో ఇట్టే తెలుస్తుంది. అంతా ముగించాక వెతికితే తల ప్రాణం తోకకొస్తుంది. కంప్యూటరుకు పని చెప్పేవాళ్ల సంగతీ ఇంతే.

ఒకప్పుడు ప్రోగ్రామును అట్టముక్కలమీద చిల్లులుగా పొడిచి, యంత్రశాలలో ఇచ్చి వచ్చేవారు. జవాబుకోసం గంటలు, ఒక్కొక్కప్పుడు రోజంతా ఆగాలి. ఒక్క కామా తప్పినా మళ్లీ మొదటికే!

1958లో అమెరికాలో జాన్ మెకార్తీ లిస్ప్ అనే కంప్యూటరు భాషకు రూపకల్పన చేశాడు. ఆ భాషతోపాటు ఒక చక్కని పద్ధతి పెరిగింది. యంత్రం మనం రాసిన ఒక్క ముక్క చదువుతుంది, లెక్క కడుతుంది, జవాబు చూపుతుంది, తరువాతి ముక్కకోసం కాచుకుంటుంది. ఆ మెకార్తీ శిష్యుడే మన తెలుగువాడు, నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు. యంత్రాలకు మనిషి మాట వినడం నేర్పిన తొలివారిలో ఆయన ఒకరు. 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు.

1985లో వచ్చిన గ్నూ ఈమాక్స్ అనే ఎడిటరులో లిస్ప్ లోపలే ఉంది. అంటే, రాసుకునే కాగితమూ జవాబు చెప్పే యంత్రమూ ఒకేచోట చేరాయన్నమాట. ఇప్పుడు ఇలాంటి ఎడిటర్లు చాలా ఉన్నాయి.

సెలవులకు ఏటూరునాగారం వచ్చిన మా మనమరాలు, పైథాన్ భాషలో 1 నుంచి 100 దాకా కూడమని రాసింది. 5050 రావాలి, 4950 వచ్చింది.

"తాతా, దీనికి కూడికలు రావు!" అని మూతి ముడిచింది.

"తరువాత తిడుదువుగాని, ముందు 1 నుంచి 3 దాకా కూడమని అడుగు," అన్నాను.

6 రావాలి, 3 వచ్చింది. కాసేపు ఆలోచించి, "చివరి సంఖ్యను వదిలేస్తోంది, తాతా!" అని గంతేసింది. నిజమే. పైథాన్‌లో 'రేంజి' అన్నప్పుడు చివర చెప్పిన సంఖ్య లెక్కలోకి రాదు. 100 తీసి 101 పెట్టి, ఆ ఒక్క వరుసనే మళ్లీ నడిపింది. 5050 వచ్చింది!

ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. తుడవని పలకమీద పాత అంకెలు మిగిలినట్టు, ముందు నడిపిన వరుసల విలువలు యంత్రం జ్ఞాపకంలో ఉండిపోతాయి. మీరు ఒక వరుసను కొట్టేసినా దాని విలువ లోపలే ఉండి, తప్పును ఒప్పుగా చూపవచ్చు. అందుచేత చివరికి పలక తుడిచినట్టు అంతా కొత్తగా మొదలుపెట్టి, ప్రోగ్రామును పైనుంచి కిందిదాకా ఒకసారి నడపాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల లెక్క తప్పితే జవాబు చెప్పెయ్యకండి, కోప్పడకండి. అలాంటిదే ఇంకా చిన్న లెక్క ఒకటి ఇవ్వండి. తప్పును తానే పట్టుకున్న పిల్ల ఇక తప్పుకు భయపడదు.