రౌతు కొద్దీ గుర్రం

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో దూరప్రయాణమంటే అప్పులు తీర్చి, ఇల్లూ వాకిలీ ఒకరికి అప్పజెప్పి, అయినవాళ్ళందరి దగ్గరా సెలవు పుచ్చుకుని బయలుదేరడమే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, మళ్ళీ 1831 సెప్టెంబరుకి గాని ఇల్లు చేరలేదు. పల్లకీ, డేరాలు, పరివారం, వంట సామగ్రి, ఇవన్నీ వెంటబెట్టుకుని చిన్న ఊరొకటి కదిలినట్టు వెళ్ళారాయన. దారిలో నల్లమల అడవి చొచ్చి శ్రీశైలం కూడా సేవించుకున్నారు.

అదే శ్రీశైలానికి ఇప్పుడు హైదరాబాదులో పొద్దున్నే ఇడ్లీ తిని బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరుకోవచ్చు. అందుకే కాబోలు, ప్రయాణానికి సిద్ధం కావడమనే విద్యే మనం మరిచిపోయాం. బస్సెక్కేవాడికి ఆ విద్య అక్కర్లేదు, డ్రైవరుకుంటే చాలు. రైలెక్కేవాడికి టిక్కెట్టుంటే చాలు. కాని నిన్నగాక మొన్న లైసెన్సు పుచ్చుకుని, మోటారు సైకిలెక్కి, ఒంటరిగా నాలుగు వందల కిలోమీటర్లు పోదామనుకునేవారి మాటేమిటి?

ఈ ప్రశ్న మా ఇంట్లో నిజంగానే పుట్టింది. మా మేనకోడలు ఉద్యోగంలో చేరిన ఏడాదికి 150 సీసీ మోటారు సైకిలు కొనుక్కుంది. నాలుగు నెలలు ఇంటికీ ఆఫీసుకీ మధ్య తిరిగింది. ఒకనాడు అన్నం తింటూ, “శ్రీశైలం మీదుగా ఒంగోలు వెళ్ళి అమ్మమ్మని చూసొస్తాను. మొదటి రోజు శ్రీశైలం, రెండో రోజు ఒంగోలు” అంది. మా అక్కయ్య చేతిలోని గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. “ఒరే తమ్ముడూ, నువ్వయినా చెప్పరా దానికి!” అంది నా వంక చూసి.

నా కాలేజీ రోజుల్లో రాజ్‌దూత్ మీద జిల్లాలు తిరిగినవాణ్ణి. వద్దని ఏ నోటితో చెప్పను? వెళ్ళమంటే అక్కయ్య ఊరుకోదు. అంచేత మధ్యేమార్గంగా, “రెండు నెలలు గడువు. ఈలోగా నేను చెప్పినట్టు సాధన చెయ్యాలి. వెళ్ళాలా వద్దా అన్నది చివర మీ అమ్మే తేల్చాలి” అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరి నమ్మకం వారిది!

మొదటి పాఠం నడపడం గురించి కాదు, పడ్డ బండిని లేపడం గురించి. ఒంటరిగా పోయేవారికి ఇది రాకపోతే మిగతావన్నీ వచ్చీ లాభం లేదు. మా వీధి చివర ఖాళీ స్థలంలో బండిని మెల్లగా కుడి పక్కకు పడుకోబెట్టాం. వంగి రెండు చేతులతో లాగితే నూట యాభై కిలోల బండి లేవదు సరికదా, నడుము పడుతుంది. ముందు ఇంజను ఆపాలి. బండి గేరులో ఉంటే జారిపోదు. పక్క స్టాండు ముందే దించి ఉంచితే లేచిన బండి అటువైపు పడిపోదు. ఆ తరువాత బండికి వీపు ఆనించి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలూ, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, కాళ్ళతో నేలను తన్నుతూ వెనక్కి నడవాలి. మూడోసారికి బండి లేచింది. బాల్కనీలో నుంచి చూస్తున్న అక్కయ్య ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

రెండో పాఠం ఆగడం. పోవడం బండే పోతుంది, దానికి మన ప్రజ్ఞ అక్కర్లేదు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు సుమారు 17 మీటర్లు దాటిపోతాం. ఎదురుగా గేదె కనిపించిందని మనసు గ్రహించి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళేసరికే ఆ పదిహేడు మీటర్లూ అయిపోతాయి. బ్రేకు పట్టుకున్నాక బండి ఆగే దూరం వేరే. వేగం రెట్టింపయితే ఆ దూరం నాలుగింతలవుతుంది. ముప్ఫైలో అయిదు మీటర్లలో ఆగిన బండికి అరవైలో ఇరవై కావాలన్నమాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుని జారకుండా చూస్తుందది. కాని గేదెను పక్కకు జరిపే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు! రోజూ పొద్దున అరగంట, రెండు బ్రేకులూ కలిపి, ముందు బ్రేకు నెమ్మదిగా బిగిస్తూ, ముప్ఫై నుంచి, నలభై నుంచి, యాభై నుంచి ఆగడమే సాధన. తరువాత వెనక సీటు మీద పది కిలోల బియ్యం మూట కట్టి మళ్ళీ అదే సాధన. బరువెక్కాక బండి స్వభావం మారుతుంది. మలుపులో మొండికేస్తుంది, ఆగడానికి ఇంకాస్త దూరం అడుగుతుంది.

మూడోది బండి ఆరోగ్యం. మా పేటలో ఒక మెకానిక్ ఉన్నాడు. మాట తక్కువ, చేతివాటం ఎక్కువ. ఆదివారాలు అతని షెడ్డులో కూర్చుని మేనకోడలు కొన్ని సంగతులు నేర్చుకుంది. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. నాలుగు మైళ్ళు తిరిగాక చూస్తే టైరు వేడెక్కి గాలి ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. చెయిను మరీ బిగువుగా ఉండకూడదు, మరీ వేలాడకూడదు. ఎంత ఆట ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది. ట్యూబులేని టైరులో మేకు దిగితే, పీకి, రంధ్రం శుభ్రం చేసి, రబ్బరు పురి దూర్చి, చేతిపంపుతో గాలి కొట్టాలి. పాత టైరొకటి తెచ్చి తనే మేకులు కొట్టి, తనే మూసింది. చివరి రోజున మెకానిక్ చెప్పిన మాట ఒకటే: “బండి చప్పుడు మారితే ఆగమ్మా. మారలేదులే అని నీకు నువ్వే సర్దిచెప్పుకోకు. రౌతు కొద్దీ గుర్రం.”

ఇక సామాను సంగతి. మంచం మీద పరిస్తే తను పెట్టినవి పదకొండు, అక్కయ్య చేర్చినవి ఇరవై మూడు. ఆవకాయ జాడీ, అమ్మమ్మకు రెండు చీరలు, స్టీలు డబ్బాలో సున్నుండలు, వేడినీళ్ళ ఫ్లాస్కు, ఒక దిండు! బరువైనవి కిందికీ, మనిషికి దగ్గరగానూ ఉండాలనీ, చక్రం దగ్గర ఏదీ వేలాడకూడదనీ చెప్పి దిండు తీయించాను. తాడు కొస గాని, చున్నీ చెరగు గాని చక్రంలో పడితే క్షణంలో ప్రాణం మీదికి వస్తుంది. సున్నుండలు మాత్రం ఉండనిచ్చాం. మందుల సంచీ, వానకోటు, టార్చి, కాగితాలు తప్పనివి. లైసెన్సు, బండి రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, పొగ పరీక్ష పత్రం ఫోనులో ఉన్నా, అడవిలో ఫోనుకు ప్రాణం ఉంటుందన్న నమ్మకం లేదు కనుక కాగితం నకళ్ళు కూడా. హెల్మెట్టు గురించి వేరే చెప్పాలా? ఐఎస్ఐ ముద్ర లేనిది అమ్మకూడదని 2021 జూన్ నుంచి నిబంధనే ఉంది. ముద్ర ఉన్నా గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది నెత్తిన బోర్లించిన గిన్నెతో సమానం.

శరీరానికి కూడా తర్ఫీదు కావాలి సుమండీ! నగరంలో పది కిలోమీటర్లు నడిపిన నడుము, రెండు వందల కిలోమీటర్లకు ఒప్పుకోదు. మొదటి ఆదివారం భువనగిరి కోట దాకా వెళ్ళి వచ్చింది. పోనూ రానూ వంద కిలోమీటర్లు. మూడో ఆదివారం నాగార్జునసాగర్, పోనూ రానూ మూడు వందలు. గంటకోసారి దిగి పది నిమిషాలు నడవాలి. దాహం వేయకముందే నీళ్ళు తాగాలి. చీకటి పడ్డాక బండి నడపకూడదు. మన రోడ్ల మీద చీకట్లో ఏముంటాయో పుస్తకాల్లో రాయరు. వెనక దీపం లేని ట్రాక్టరు ఉంటుంది, నెమరు వేస్తున్న ఆవు ఉంటుంది, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లూ, ఆ వడ్ల చుట్టూ కాపుగా పెట్టిన రాళ్ళూ ఉంటాయి.

కార్తీకమాసంలో ఒక శనివారం ఆరింటికి బయలుదేరింది. అక్కయ్య బండికి నిమ్మకాయలు కట్టించి, కొబ్బరికాయ కొట్టించింది. కడ్తాల్, కల్వకుర్తి దాటి డిండి చేరేసరికి బంగాళాఖాతంలో తుఫాను తాలూకు వాన అందుకుంది. రోడ్డు పక్క టీ దుకాణంలో బండి ఆపింది. అక్కడి నుంచి మన్ననూరు ఎంతో దూరం లేదు. అది దాటితే అడవి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది దారి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అటూ ఇటూ గేట్లు మూసేస్తారు. లోపల చాలా చోట్ల ఫోను పలకదు. రెండు గంటలు చూసింది. వాన తగ్గలేదు. ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగయింది, ఒళ్ళంతా తడి.

ఇరుగుపొరుగుల సంగతి మీకు తెలియనిదేముంది! “ఏమమ్మా, శిఖర దర్శనం డిండి చెరువు దగ్గరే అయిపోయిందా?” అన్నాడొకాయన. మేనకోడలి ముఖం ఎర్రబడింది. అప్పుడు అక్కయ్య అందుకుంది. “శ్రీశైల శిఖరం చూస్తే మళ్ళీ జన్మ లేదని పెద్దలన్నారు గాని, శిఖరం చూడకముందే ఈ జన్మ పోగొట్టుకోమని ఎవరూ అనలేదండీ!” అంది. ఆయన మరి మాట్లాడలేదు.

ఆ రాత్రి తల తుడుస్తూ కూతురితో అంది: “ఇప్పుడు వెళ్ళవే. ఇన్నాళ్ళూ నా భయం నువ్వు వెళ్ళలేవని కాదు, వెనక్కి రావడం చేతకాదేమోనని.” రెండు నెలలుగా నేను బ్రేకులూ చెయిన్లూ అంటూ చెప్పిన పాఠమంతా ఆవిడ ఒక్క వాక్యంలో ముగించింది. దగ్గరికి వచ్చేశాం కదా, ఇంత దూరం వచ్చి తిరిగిపోవడమా అన్న రోషమే కొత్తవాళ్ళను ముంచుతుంది. ఆ రోషాన్ని డిండి టీ దుకాణంలో వదిలేసి రాగలిగినవారికి ఏ రోడ్డయినా ఫరవాలేదు.

సంక్రాంతి వెళ్ళాక, ఎండ మెత్తగా ఉన్న రోజుల్లో, మళ్ళీ బయలుదేరింది. పదకొండు లోపల మన్ననూరు దాటింది. అడవిలోకి పోకముందే ట్యాంకు నిండా పెట్రోలు. ఫర్హాబాద్, వటవర్లపల్లి దాటుతుంటే రెండు పక్కలా ఆకు రాల్చుతున్న చెట్లు, దారి పక్క చెంచుల గూడేలు, రోడ్డు మీద పంచాయితీ పెట్టినట్టు కోతులు. వాటికి తిండి వేస్తే రేపు మరో బండి కింద పడతాయి. అంచేత హారను కూడా కొట్టకుండా మెల్లగా తప్పుకోవాలి. దోమలపెంట, ఈగలపెంట పేర్లు విని నవ్వుకునే లోపల ఘాటు దిగుతుంది. అక్కడ బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే వేడెక్కి పట్టు తప్పుతుంది. చిన్న గేరులో వేసి ఇంజను చేతనే బండిని పట్టించాలి. మలుపు తిరిగేసరికి అంత లోతున కృష్ణ, అడ్డంగా శ్రీశైలం ఆనకట్ట. 2014 నుంచి ఆ నది రెండు తెలుగు రాష్ట్రాలకూ సరిహద్దు. వంతెన మీద బండికి మాత్రం అది తెలియదు.

రెండోనాడు తెల్లవారి గేట్లు తీశాక దోర్నాల ఘాటు దిగి, ఒకప్పుడు తెలుగు పిల్లల చేతుల్లోకి పలకలు పంపిన మార్కాపురం మీదుగా, పొదిలి దాటి, సుమారు నూట ఎనభై కిలోమీటర్లు నడిపి ఒంగోలు చేరింది. మా అమ్మ వీధిగుమ్మంలో నిలబడి మనవరాలిని చూడక ముందు, బండి చుట్టూ ఒకసారి తిరిగి, “ఇంత దూరం దీన్ని తెచ్చావా? దీనికేం పెట్టాలి?” అని అడిగిందట. సున్నుండలు అప్పటికి సగమే మిగిలాయి.

ఇప్పుడు మా అక్కయ్య కొత్త పాట మొదలుపెట్టింది. వెనక కూర్చునేవారికీ హెల్మెట్టు ఉండాలని చట్టం చెబుతోందని ఎక్కడో చదివిందట. “యాదగిరిగుట్ట ఎంత దూరంరా తమ్ముడూ? అరవై కిలోమీటర్లే కదూ? నా తలకు సరిపోయే హెల్మెట్టు ఎక్కడ దొరుకుతుందో కనుక్కో” అంది నిన్న. కొప్పు మీద హెల్మెట్టు ఎలా పడుతుందన్నది ప్రస్తుతం మా ఇంట్లో తేలవలసిన సమస్య.